వాలుగ దవడ, ఒంటి కదురు: శ్రీకాకుళం సన్ననూలు చరిత్ర

పొందూరు ఖద్దరు పేరు వినగానే తెల్లని పంచె, భుజం మీద ఉత్తరీయం గుర్తొస్తాయి. ఆ పేరు నేతకు దక్కింది. నిజానికి ఆ బట్ట చరిత్రలో ఎక్కువ భాగం నూలు చరిత్రే. శ్రీకాకుళం పట్టణానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, హౌరా–చెన్నై రైలుమార్గం మీద ఉన్న ఈ ఊళ్లోని మగ్గం దేశంలో మరెక్కడైనా కనిపించే మామూలు గుంటమగ్గమే. వేరే చోట దొరకనిది ఆ మగ్గం మీదికి వచ్చే దారం. గింజ నుంచి కదురు దాకా దూది ఎన్ని చేతులు మారి, ఎన్ని సార్లు శుభ్రపడి దారమవుతుందో చూస్తేనే ఆ బట్టకు అంత సన్నదనం ఎలా వచ్చిందో తెలుస్తుంది. ఆ పని చేసే ఆడవాళ్ల ప్రస్తావన మాత్రం బట్టను మెచ్చుకున్న రాతల్లో అరుదు.

ఉత్తరాంధ్ర తీరం నూలు బట్టకు పుట్టినిల్లు అనడానికి పాత ఆధారాలే ఉన్నాయి. కౌటిల్యుడి అర్థశాస్త్రం మేలైన నూలు వస్త్రాలు ఏయే దేశాలవో చెబుతూ కాశి, వంగ, వత్స వంటి పేర్ల సరసన కళింగను కూడా చేర్చింది. క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ఎరిత్రియన్ సముద్ర యాత్రాగ్రంథం మసాలియా ప్రాంతంలో, అంటే నేటి మచిలీపట్నం పరిసరాల్లో, సన్నని బట్టలు విస్తారంగా తయారవుతాయని చెప్పింది. ఆ తీరానికి ఉత్తరాన ఉన్న కళింగానికి నడిబొడ్డు వంశధార లోయ. ఆ నది ఎడమ ఒడ్డున, నేటి జలుమూరు మండలంలో ఉన్న శ్రీముఖలింగమే తూర్పు గాంగుల తొలి రాజధాని కళింగనగరమని గుర్తించినవారు గిడుగు వెంకట రామమూర్తి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా ఉన్న రోజుల్లో ఆయన అక్కడి ఆలయ శాసనాలను చదివి ఆ సంగతి ప్రకటించారు. వ్యావహారిక భాష కోసం పోరాడిన మనిషిగానే తెలిసిన గిడుగుకు, ఉత్తరాంధ్ర చరిత్ర రాసేవాళ్లు మొక్కడానికి ఇది ఇంకొక కారణం.

మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వర ఆలయాల ఊరైన శ్రీముఖలింగంలో వందకు పైగా శాసనాలున్నాయి. వాటిలో చాలావరకు అఖండ దీపాలకు దానం చేసినవాళ్ల పేర్లే. నెయ్యి ఎంత, బంగారం ఎంత అన్న వివరాలు రాళ్ల మీదికి ఎక్కాయి. దీపంలో రోజూ కాలిపోయే వత్తికి కావలసిన పత్తి ఎవరు పండించారో, ఎవరు చేశారో రాయాలని ఎవరికీ తోచలేదు. బట్ట విషయంలోనూ తర్వాతి కాలం రికార్డుల ధోరణి దాదాపు ఇదే. గాంగరాజు అనంతవర్మ చోడగంగుడి కాలంలో రాజధాని కటకానికి తరలింది. రాజ్యం తరలినా వంశధార, నాగావళి లోయల్లో సాలెలు, దేవాంగులు, పట్టుశాలీల మగ్గాలు తరలిపోలేదు.

వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం రేవు ఉంది. నదీలోయలో నేసిన బట్ట ఓడెక్కడానికి అది ఒక దారి. దక్షిణాన భీమునిపట్నంలో డచ్చివారు, విశాఖపట్నంలో ఆంగ్లేయులు 17వ శతాబ్దంలోనే వర్తకశాలలు తెరిచారు. వాళ్లు ఈ తీరానికి వచ్చిన ముఖ్యకారణాల్లో బట్ట ఒకటి. తూర్పు దీవుల్లో మిరియాలు, లవంగాలు కొనాలంటే అక్కడివాళ్లు అడిగేది కోరమండలం బట్టనే. మొగలు, నిజాం పాలనల్లో చికాకోలు సర్కారుకు కేంద్రం, అప్పట్లో చికాకోలు అని పిలిచిన శ్రీకాకుళం పట్టణం. నిజాంతో 1766లో కుదిరిన ఒప్పందంతో ఉత్తర సర్కార్లు ఈస్టిండియా కంపెనీ చేతికి వచ్చాక, బట్ట కొనే చేయీ పన్ను వసూలు చేసే చేయీ ఒకటే అయ్యాయి. నేతగాడికి ముందు బయానా ఇచ్చి, తర్వాత బట్ట ధర తామే కట్టే పద్ధతి బలపడింది.

ఇంగ్లీషు కాగితాల్లో ఈ ప్రాంతపు బట్టకు ఊరిపేరే పేరు: చికాకోలు మస్లిన్. తర్వాతి కాలపు గెజిటీర్లు దాన్ని ఢాకా మస్లిన్‌తో పోల్చి, ఆ వెంటనే ఆ పని క్షీణించిందని ఒక ముక్క చేర్చాయి. పట్టణం పేరు మీద చెలామణీ అయినా, నూలు మాత్రం పొందూరు వంటి చుట్టుపక్కల ఊళ్ల నుంచే వచ్చేది. అంగడి ఉన్న ఊరికి పేరు దక్కడం, పని జరిగే ఊరు వెనక ఉండిపోవడం బట్టల చరిత్రలో మామూలే.

సన్నదనం అంటే ఎంత సన్నం అన్న ప్రశ్నకు నూలు వ్యాపారం ఒక కొలత పెట్టుకుంది. దాన్ని కౌంటు అంటారు. 840 గజాల పొడవున్న చిలపలు ఎన్ని కలిస్తే ఒక పౌను తూగుతాయో అదే ఆ నూలు కౌంటు. సంఖ్య పెరిగేకొద్దీ దారం సన్నం. మామూలు ముతక ఖద్దరు పది, ఇరవై కౌంట్ల దగ్గర ఉంటుంది. పొందూరు సన్ననూలు నూరు కౌంటు దాకా, కొన్ని చేతుల్లో అంతకు మించి కూడా వెళ్తుంది. నూరు కౌంటంటే ఒక్క గ్రాము దూదిని దాదాపు 170 మీటర్ల దారంగా తీయడం. వింత ఏమిటంటే దీనికి వాడే పత్తి పోగు పొడవైనది కాదు. కొండ పత్తి, పునాస పత్తి, ఎర్ర పత్తి అని ఇక్కడివాళ్లు పిలిచే దేశీ రకాల పోగు పొట్టిది. యంత్రం దాన్ని అంత సన్నగా లాగితే తెగిపోతుంది. చేయి లాగగలుగుతోందంటే కారణం రాట్నం ఒక్కటే కాదు, రాట్నం ముందుకు రాకమునుపు దూదికి జరిగే సేవ.

ఆ సేవ గింజతో మొదలవుతుంది. చేలో కోసి తెచ్చిన పత్తిని ముందు చేత్తో ఏరి ఆకుముక్కలు, పుల్లలు, దెబ్బతిన్న కాయల దూది తీసేస్తారు. తర్వాత ఒక్కొక్క గింజను, దాని చుట్టూ అంటుకున్న దూదితో సహా, వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. పెద్ద వాలుగ దవడలో చిన్నచిన్న పళ్లు దగ్గర దగ్గరగా, కొద్దిగా లోపలికి వంగి ఉంటాయి. దువ్వెనతో పని అయ్యేది కాదు. దువ్వెన పళ్ల మధ్య ఎడం ఎక్కువ, పైగా పోగు తెగుతుంది. ఈ ఎముక పళ్లు పోగును తెంచకుండా చిక్కు విప్పి, పోగులన్నీ ఒకే దిక్కుకు పడేలా చేస్తాయి. మట్టి, చెత్త, ముడిపడిన పొట్టిపోగు దవడలో చిక్కుకుని వెనకే ఉండిపోతాయి. ఎదిగిన చేప దవడలే పనికొస్తాయి కనుక వాటిని గోదావరి వైపు నుంచి తెప్పించుకోవడం మామూలు. ఈ దువ్వుడులోనే పొందూరు నూలు సగం తయారైపోతుందనడం అతిశయోక్తి కాదు.

వాలుగ దవడను దూదికి వాడినది పొందూరు ఒక్కటే అనుకుంటే పొరపాటు. ఢాకాలో సివిల్ సర్జనుగా పనిచేసిన జేమ్స్ టేలర్ 19వ శతాబ్దంలో అక్కడి మస్లిన్ తయారీని ఓపికగా వర్ణించాడు. ఆ వర్ణనలో బోయాల్ చేప దవడతో గింజ పత్తిని దువ్వే ఆడవాళ్లు కనిపిస్తారు. బెంగాలీలు బోయాల్ అనే చేప, తెలుగువాళ్ల వాలుగ ఒకటే. గింజ తీయడంలోనూ పోలిక ఉంది. రెండు చోట్లా దూదిని నున్నటి చెక్కపలక మీద పెట్టి సన్నని ఇనుప కడ్డీని ఒత్తిపట్టి దొర్లిస్తారు. కడ్డీ కింద పోగు ఇవతలికి జారుతుంది, గింజ అవతలే ఆగుతుంది. పళ్లచక్రాల యంత్రంలో పడితే పోగులు నలిగి విరుగుతాయి. కడ్డీకి ఆ దోషం లేదు, ఆలస్యమే దోషం. తయారైన ఏకులను దాచే దగ్గర మాత్రం రెండు ఊళ్లూ వేరుపడ్డాయి. ఢాకావాళ్లు ఎండబెట్టిన పాముచేప తోలులో చుట్టేవారు, పొందూరులో ఎండిన అరటి దొప్పలో చుడతారు. దేనిలో చుట్టినా ఉద్దేశం ఒకటే: ఏకు నున్నగా ఉండాలి, దుమ్ము పడకూడదు, చేతి చెమట తగలకూడదు. వెయ్యి కిలోమీటర్ల దూరంలో ఉన్న రెండు తీరాలు ఒకే చేప ఎముకను ఒకే పనికి పట్టుకోవడం యాదృచ్ఛికమా, సముద్రం మీద బట్టతో పాటు పనితనమూ నడిచిందా అన్నది తేల్చే కాగితం లేదు. రెండోదే ఎక్కువ నమ్మదగ్గది. ఢాకాలో ఆ పని 19వ శతాబ్దంలో చచ్చిపోయింది, పొందూరులో బతికింది.

గింజ తీసిన దూదిని చిన్న విల్లుతో ఏకుతారు. నారి కొట్టిన ప్రతిసారీ దూది విడివిడిగా ఎగిరి నురుగులా పేరుకుంటుంది. దాన్ని పలకమీద పరిచి, పుల్లకు చుట్టి, వేలి పొడవు ఏకులు చేస్తారు. అప్పుడు గానీ రాట్నం పని మొదలవదు. పొందూరు సన్ననూలుకు వాడేది ఒంటి కదురు రాట్నం. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడమచేతి వేళ్ల మధ్య ఏకును పట్టి వెనక్కు లాగుతూ పోతే కదురు కొస దగ్గర దూది దారమవుతుంది. లాగడం ముందు, పురి పడడం వెనక. ఆ రెంటి మధ్య క్షణం తేడా వస్తే దారం ఉబ్బుతుంది, లేదా తెగుతుంది. పొట్టిపోగు దూదికి పురి ఎక్కువ కావాలి. పురి ఎక్కువైతే దారం ముడుచుకుంటుంది. ఈ తూకం చెప్పి నేర్పేది కాదు, చిన్నప్పుడే ఇంట్లో చూసి చేతికి అబ్బవలసిందే. గాలి పొడిగా ఉంటే సన్ననూలు తెగుతుంది కనుక ఎండెక్కకముందు వేళ దీనికి అనువైనది. సముద్రానికి దగ్గరగా ఉండే ఈ నేల తేమ కూడా నూలుకు సాయపడింది.

పట్టుశాలి కులపు స్త్రీలే ఈ సన్ననూలుకు మొదటి నుంచీ ఆధారం. తల్లి దగ్గర కూతురు, అత్త దగ్గర కోడలు నేర్చుకుంటూ వచ్చారు. వడికినది చిలపలుగా చుట్టి ఇస్తే, నేతకుటుంబం దాన్ని గంజిపట్టి, పడుగు పోసి, కండెలకు చుట్టి మగ్గం మీదికి ఎక్కిస్తుంది. మిల్లు నూలు ఒక్క తీరుగా ఉంటుంది. చేతినూలుకు ఆ గుణం రాదు. ఒక్కో వడికేవారి చిలపకు ఒక్కో ఛాయ, ఒక్కో పురి, ఒక్కో మందం. ఎర్ర పత్తి నూలుకైతే దూదిలోనే లేత గోధుమ వన్నె ఉంటుంది, రంగు వేయనవసరం లేదు. పేక కండె అయిపోయి మరొకరి చిలప నుంచి చుట్టిన కండె ఎక్కితే బట్టలో ఆ చోట సన్నని చార తేలుతుంది. ఎవరూ వేయని చార అది, నూలే వేసుకున్నది. పంచె నేసేవాడికి ఇది తలనొప్పి. అందుకే అనుభవం ఉన్న నేతగాళ్లు రెండు మూడు కండెలను మార్చి మార్చి వేస్తూ చారను పలచన చేసేస్తారు. ఇప్పుడు కొందరు కొనుగోలుదారులు ఈ చారల కోసమే చేతినూలు బట్ట అడుగుతున్నారు. పూర్వం లోపం అన్నదే నేడు గుర్తు అయింది.

మిగిలిన నూలును పారేసే అలవాటు ఈ పనిలో లేదు. పడుగు అయిపోయినప్పుడు అచ్చులోనూ పన్నెలోనూ ఇమిడి ఉన్న జానెడు కొసలను నేతగాడు కోసి తీసేయడు. కొత్త పడుగు పోగులను పాత కొసలకు ఒక్కొక్కటిగా మెలిపెట్టి అతుకుతాడు. వేల పోగులు మళ్లీ అచ్చులో దూర్చే బాధ తప్పుతుంది. తెగిన దారాలు కట్లకు, ముడులకు పనికొస్తాయి. నేసిన బట్ట చిరిగితే బొంతలోకి వెళ్తుంది. పాత చీరలు, పంచెలు పొరలు పొరలుగా పరిచి కుట్టిన బొంత ఉత్తరాంధ్ర ఇళ్లలో చలికాలపు దుప్పటి. సూదుల మీద మేజోళ్లు, స్వెటర్లు అల్లే పని మాత్రం ఈ తీరపు ఇళ్లలో వేళ్లూనలేదు. ఇక్కడి వేడికి ఉన్ని అక్కర లేకపోవడం ఒక కారణం, మగ్గం అప్పటికే ఇంటి మధ్యలో ఉండడం మరో కారణం. మిషనరీల ద్వారా వచ్చిన అల్లిక గోదావరి డెల్టాలో నరసాపురం దగ్గర లేసుగా స్థిరపడింది, ఉత్తరాన అంతగా పాకలేదు.

కంపెనీ కొనుగోళ్లు తగ్గడంతో మొదలైన దెబ్బ, ఇంగ్లండు మిల్లుల నూలు రావడంతో ముదిరింది. 1813 చట్టం భారతదేశంతో వ్యాపారంలో కంపెనీ గుత్తాధిపత్యానికి స్వస్తి చెప్పింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో లాంకషైర్ నూలు, బట్ట భారతదేశానికి పోటెత్తాయి. నేతగాడికి ఇది కొంత లాభంగానే కనిపించి ఉండాలి. ఒక్క తీరుగా ఉన్న నూలు, తెగని నూలు, సంతలో ఎప్పుడంటే అప్పుడు దొరికే నూలు. అందువల్ల మగ్గం బతికి, రాట్నం చచ్చింది. ఈ తేడాను చాలా రాతలు గుర్తించవు. వలసపాలన నేతను నాశనం చేసిందన్న మాట పూర్తిగా నిజం కాదు, ఎక్కువ నాశనమైనది వడుకు. ఆ పని చేసేది ఇంట్లో ఉండే ఆడవాళ్లు కనుక, ఎంతమంది ఆదాయం పోయిందో లెక్క పెట్టాలన్న ఆలోచన ఏ కచేరీకీ కలగలేదు. 1890ల్లో తీరం వెంబడి రైలు వచ్చింది. ఓడరేవులు వెనకబడ్డాయి, కళింగపట్నం క్రమంగా నిద్రపోయింది, మిల్లు నూలు మూటలు స్టేషన్ స్టేషన్‌లో దిగాయి. జమీందారీ ఇళ్లు, మడి కట్టుకునే కుటుంబాలు, పురోహితులు చేతినూలు పంచెనే కోరడంతో పొందూరు వంటి కొద్ది ఊళ్లలో ఒంటి కదురు తిరుగుతూనే ఉంది. చికాకోలు ప్రాంతం అప్పుడు గంజాం జిల్లాలో భాగం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డాక విశాఖపట్నం జిల్లాలో కలిసింది, 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం వేరే జిల్లా అయింది.

రాట్నానికి రాజకీయపు గాలి తగిలింది 1921లో. మార్చి ఆఖరున విజయవాడలో సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు కమిటీ కోటి సభ్యులు, కోటి రూపాయల తిలక్ స్వరాజ్య నిధితో పాటు ఇరవై లక్షల రాట్నాలు తిరగాలని తీర్మానించింది. దేశంలో చాలా చోట్ల వడుకును మళ్లీ మొదటి నుంచి నేర్పవలసి వచ్చింది. పొందూరులో నేర్పనక్కర లేదు, అక్కడ అది ఆగనే లేదు. ఈ సన్న ఖద్దరు గాంధీ దృష్టిలో పడిందని, దాని సంగతి తెలుసుకు రమ్మని కుమారుడు దేవదాస్‌ను పంపారని పొందూరులో ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. 1923 డిసెంబరులో కాకినాడ కాంగ్రెసు అఖిల భారత ఖద్దరు బోర్డును ఏర్పాటు చేసింది. 1925లో పట్నాలో అఖిల భారత చరఖా సంఘం పుట్టింది. 1929లో గాంధీ ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశమంతా పర్యటించారు. ముతక ఖద్దరు కట్టుకోవడం త్యాగమైతే, ఆంధ్ర సన్న ఖద్దరు కట్టుకోవడంలో త్యాగం పాలు చాలా తక్కువ. విమర్శకులు ఎగతాళి చేసిన గోనెపట్ట ఖద్దరుకు జవాబుగా కాంగ్రెసువాళ్లు ఈ పంచెను చూపించగలిగారు.

అయితే సన్న ఖద్దరు ఒక ఇబ్బందిని కూడా బయటపెట్టింది. ధర ఎక్కువ, కట్టుకునేవాడు స్తోమత కలవాడు, వడికేవాళ్లు పేదవాళ్లు. ఖద్దరు చవగ్గా ఉండాలంటే వడుకు కూలి తగ్గాలి. కూలి పెంచితే ఖద్దరు అమ్ముడుపోదు. ఉద్యమం చాలాకాలం మొదటిదాన్నే ఎంచుకుంది. 1935లో గాంధీ ఈ లెక్కను తిరగేశారు. ఎనిమిది గంటలు వడికిన మనిషికి బతకడానికి చాలినంత కూలి ఇవ్వాలని, అమ్మకం తగ్గినా సరేనని పట్టుబట్టారు. చరఖా సంఘం ఆ ఏడాది కనీస వేతన సూత్రాన్ని అంగీకరించింది. ఆయన మొదట కోరినంత కూలి ఆచరణలో రాలేదు. అయినా ఇంట్లో కూర్చుని చేసే ఆడవాళ్ల పనికి గంటల లెక్కన కనీస కూలి ఉండాలన్న మాట దేశంలో ఒక పెద్ద సంస్థ ఒప్పుకోవడం అదే మొదటిసారి అనవచ్చు. స్వాతంత్ర్యోద్యమ చరిత్రల్లో రాట్నం బొమ్మకు దక్కినంత చోటు ఈ తీర్మానానికి దక్కలేదు.

స్వాతంత్ర్యం వచ్చాక పొందూరు పనికి ఒక కప్పు దొరికింది. 1949లో ఆంధ్ర ఫైన్ ఖాదీ కార్మికాభివృద్ధి సంఘం ఏర్పడింది. భూదాన యాత్రలో ఆచార్య వినోబా భావే 1955లో ఒరిస్సా నుంచి శ్రీకాకుళం జిల్లాలో అడుగుపెట్టారు. సంఘం భవనానికి ఆయన చేతుల మీదుగానే శంకుస్థాపన జరిగింది. సంఘం పత్తి కొని వడికేవాళ్లకు ఇస్తుంది, చిలపలు తీసుకుని కూలి ఇస్తుంది, నూలు నేతగాళ్లకు ఇస్తుంది, బట్ట తీసుకుని అమ్ముతుంది. నడుమ దళారీకి చోటు లేకపోవడం దీని బలం. పత్తి కొనడానికి, నిల్వ పెట్టడానికి పెట్టుబడి ఎప్పుడూ చాలకపోవడం దీని బలహీనత. 1956 చట్టంతో ఖాదీ, గ్రామీణ పరిశ్రమల కమిషన్ ఏర్పడి, ఖాదీ సంస్థలు దాని నీడలోకి వచ్చాయి. ఆ ఏళ్లలోనే తమిళనాడు నుంచి అంబర్ చరఖా వచ్చింది. ఒకేసారి నాలుగు, తర్వాత ఎనిమిది కదుళ్లు తిరిగే ఈ యంత్రం మధ్యరకం నూలుకు బాగా పనికొచ్చింది. నూరు కౌంటు దగ్గర అది చేతులెత్తేసింది. కనుక పొందూరులో రెండూ పక్కపక్కనే నిలిచాయి. మామూలు ఖద్దరుకు అంబర్, సన్న ఖద్దరుకు ఒంటి కదురు.

ఈ సంఘం పేరు మీద నేసిన పంచెలు రాజకీయ నాయకులకు, సాహిత్యకారులకు, సినిమావాళ్లకు ఇష్టమయ్యాయి. అక్కినేని నాగేశ్వరరావు పొందూరు పంచె కట్టడం రాష్ట్రమంతా ఎరిగిన సంగతి. ఆ బట్టకు అంతకుమించిన ప్రకటన ఏ పత్రికలోనూ రాలేదేమో. అదే పేరు నకిలీలనూ తెచ్చింది. మిల్లు నూలుతో మరమగ్గం మీద నేసిన పంచె మీద పొందూరు ముద్ర వేస్తే బీరువాలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2013లో ఖాదీ మార్కు నిబంధనలు వచ్చాక చేత్తో వడికి చేత్తో నేసిన బట్టనే ఖాదీ అనాలన్న చట్టబద్ధమైన కట్టుబాటు ఏర్పడింది. కొనేవాడు ముద్ర చూడకుండా ఉతికి చూడాలన్నది పాతవాళ్ల సలహా. చేతినూలు బట్ట ఉతికేకొద్దీ మెత్తబడుతుంది.

ముడిసరుకు కథ అంత బాగా సాగలేదు. 1947లో దేశంలో పండే పత్తిలో అధికభాగం దేశీ రకాలే. మిల్లులకు పొడుగు పోగు కావాలి కాబట్టి పరిశోధనలు, విత్తనాలు, రుణాలు అన్నీ అమెరికా జాతి పత్తి వైపు వెళ్లాయి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక మిగిలినది కూడా ఊడ్చుకుపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మెట్టపొలాల్లో, కొండవాలుల్లో కొద్దికొద్దిగా వేసే కొండ పత్తి, పునాస పత్తి దిగుబడి తక్కువ, మార్కెట్ చిన్నది. వాన తక్కువైనా తట్టుకుంటుంది, పురుగుమందు ఖర్చు లేదు అన్నవి దాని గుణాలు. కానీ కొనేవాడు ఒక్క సంఘమే అయినప్పుడు రైతు ఎకరా కేటాయించడానికి వెనకాడతాడు. పొందూరు పని ఎప్పుడైనా ఆగిపోతే మగ్గం లేక ఆగదు. విత్తనం లేక, వడికే చేయి లేక ఆగుతుంది.

వడికే చేతుల విషయం మరీ జటిలమైనది. నరసాపురం లేసు మీద మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త 1982లో ప్రచురించిన పుస్తకం ఒక సంగతి తేల్చి చెప్పింది. ప్రపంచ మార్కెట్ కోసం రోజంతా అల్లే ఆడవాళ్లను లోకం గృహిణులుగానే లెక్కిస్తుంది, తీరిక వేళ పని చేసుకుంటున్నారని అనుకుంటుంది, ఆ అనుకోవడమే కూలిని కిందికి లాగుతుంది. ఆ మాట పొందూరు రాట్నానికి అక్షరాలా వర్తిస్తుంది. నేతగాడికి మగ్గం ఉంది, కులవృత్తి పేరు ఉంది, సహకార సంఘంలో సభ్యత్వం ఉంది, పురస్కారాలూ ఉన్నాయి. దువ్వేవాళ్లకు చేప ఎముక ఉంది. చదువుకున్న ఆడపిల్లలు రాట్నం ముందు కూర్చోవడం లేదని పెద్దవాళ్లు వాపోతారు. ఈ కూలికి కూర్చోకపోవడమే తెలివైన పని కాబట్టి ఆ పిల్లలను తప్పు పట్టడానికి లేదు.

ఒక లెక్క వేసి చూడవచ్చు. నాలుగు మీటర్ల పొడవు, యాభై అంగుళాల పన్నా ఉన్న పంచెను అంగుళానికి డెబ్భై పడుగు, డెబ్భై పేక పోగులతో నేశారనుకుంటే దానిలో సుమారు 28 కిలోమీటర్ల దారం ఉంటుంది. ఇప్పుడు ఖాదీ సంస్థల్లో చిలప అంటే వెయ్యి మీటర్లు, కనుక అది 28 చిలపలు. నూరు కౌంటు నూలైతే ఆ పంచె మొత్తం బరువు సుమారు 165 గ్రాములే. ఖాదీ కమిషన్ దేశమంతటికీ వర్తించేలా వడుకు కూలిని 2024 అక్టోబరు 2న చిలపకు రూ.10 నుంచి రూ.12.50కి, 2025 ఏప్రిల్ 1 నుంచి రూ.15కి పెంచింది. ఆ రేటున 28 చిలపలకు వచ్చేది రూ.420. సన్ననూలుకు ఏ రేటు కట్టినా, గింజ గింజనూ వాలుగ దవడతో దువ్వడం, కడ్డీతో గింజ తీయడం, విల్లుతో ఏకడం, ఏకులు చుట్టడం అన్నీ ఆ చిలప ధరలోనే ఇమడాలి.